కేసు అమలాపురంలో, ఉద్యోగం పూణేలో: 498ఏ వాయిదాల మీద మా వైపు అపోహలు

సంక్రాంతి ఇంకో పది రోజులుందనగా నా ఫోన్ మోగడం మొదలవుద్దండి. కువైట్ నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు, అందరిదీ ఒకటే ప్రశ్న, "సార్, పండక్కి వస్తే పట్టుకుపోతారా?" అని. పెళ్ళాన్ని కొట్టాడు, వేధించాడన్న కేసు, మనం ఫోర్ నైంటీ ఎయిట్ అంటామే అది, ఇక్కడ కోర్టులో నడుస్తుంటది, మనిషేమో వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంటాడు, సలహాలిచ్చేది మాత్రం మేనమామ, రూమ్మేటు, యూట్యూబు. నేను లాయరుగా భార్యల తరఫునా చేశాను, భర్తల తరఫునా చేశాను, కాబట్టి ఎవరికి పనికొచ్చేది వాళ్ళు తీసుకోండి. 2024 జులై 1 తర్వాత జరిగినవాటికి కాగితం మీద సెక్షన్ 85 అని ఉంటది, కంగారు పడకండి, పాత శిక్షాస్మృతిలోని 498ఏనే కొత్త భారతీయ న్యాయ సంహితలోకి అలా వచ్చింది, శిక్ష కూడా అదే, మూడేళ్ళ దాకా జైలు, ఫైను.

అపోహ: "కాపురం పూణేలో, గొడవ పూణేలో, ఇక్కడ కేసు చెల్లదు."

చెల్లుద్ది. 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, అత్తారింటి నుంచి వచ్చేసి తలదాచుకున్న ఊళ్ళో కూడా కేసు పెట్టొచ్చని, ఎందుకంటే దెబ్బ అక్కడ తగిలినా దాని బాధ పుట్టింటిదాకా వస్తది కదా. 2005 గృహహింస చట్టం అయితే ఆవిడ తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేసుకోవచ్చని రాసే పెట్టింది. వేరే రాష్ట్రానికి మార్పించాలంటే సుప్రీంకోర్టుకే వెళ్ళాలి, "నాకు దూరమండీ" అన్న ఒక్క ముక్కతో భర్తకి ట్రాన్స్‌ఫర్ రావడం చాలా కష్టం, దాని మీద డబ్బులు పోసే ముందు ఆలోచించుకోండి.

"మొగుడూ పెళ్ళాల మధ్య రెండు దెబ్బలు కేసేంటండి" అనే పెద్దమనుషులు మా వైపు ఇంకా ఉన్నారు, ఆయ్. కేసే. వేరేవాణ్ణి కొడితే ఏ సెక్షనో భార్యని కొడితే ఆ సెక్షనూ పడుద్ది, క్రూరత్వం కింద 498ఏ దానికి అదనం.

అపోహ: "కేసు పెడితే ఆ రాత్రే అరెస్టు."

2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు వచ్చాక ఆ పద్ధతి పోయింది, పోవాలి మరి. ఏడేళ్ళ దాకా శిక్షున్నవాటికి పోలీసులు అవసరం ఏంటో కారణం రాయకుండా అరెస్టు చెయ్యకూడదు, ముందు నోటీసిస్తారు, ఇంకా 41ఏ నోటీసనే అంటున్నారు గానీ పోలీసు, కోర్టు పద్ధతుల కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3). నోటీసుకి వెళ్ళి నిలబడితే మామూలుగా అరెస్టు ఉండదు, ఫోన్ ఆఫ్ చేసి కూర్చుంటే మాత్రం అరెస్టుకి కారణం మీరే రాసిచ్చినట్టు. మరీ భయంగా ఉంటే మీరున్న రాష్ట్రంలోనే కొద్ది రోజులకి ట్రాన్సిట్ ముందస్తు బెయిల్ అడగొచ్చు, 2023లో సుప్రీంకోర్టు ప్రియా ఇందోరియా తీర్పు దానికి దారిచ్చింది, ఆ గడువులోపు ఇక్కడికొచ్చి అసలు బెయిల్ వేసుకోవాలి.

ఇప్పుడు నాకు బాగా తిక్కరేగే మాట, "లాయర్ని పెట్టాను కదా, నేను రానక్కర్లేదు." వివరాలు మార్చి చెప్తున్నా, రాజోలు వైపు కుర్రాడు, పూణేలో ఉద్యోగం. బెయిలొచ్చింది, జామీను వాళ్ళ చిన్నాన్న ఇచ్చాడు, మొదటి రెండు వాయిదాలకి వచ్చాడు, కోణార్క్‌లో రాజమండ్రి దిగి, అక్కణ్ణుంచి రావులపాలెం మీదుగా బస్సు (కోనసీమకి రైలెప్పుడొస్తుందో ఆ గోదారమ్మకే తెలియాలి), కోర్టు గుమ్మంలో ఐదు నిమిషాలు నిలబడితే వచ్చే నెలకి వాయిదా, మళ్ళీ వెనక్కి. విసుగొచ్చింది, ఎవరికైనా వస్తది. మూడోదానికి రాలేదు, నాకూ చెప్పలేదు, "ఈ ఒక్కసారికేగా" అనుకున్నాడు. ముద్దాయి హాజరు లేడు, గైర్హాజరు పిటిషన్ లేదు, నాన్ బెయిలబుల్ వారంటు వెళ్ళింది, జామీను బాండు ఎందుకు జప్తు చెయ్యకూడదో చెప్పమని చిన్నాన్నకి నోటీసు. మూడెకరాల పాస్‌బుక్కు పెట్టిన ఆ పెద్దాయన నా ఆఫీసులో కూర్చుని ఏడ్చాడండి. వారంటు రద్దు (రీకాల్) చేయించుకోడానికి కుర్రాడు ఎలాగూ రావాల్సొచ్చింది, ఈసారి విమానంలో.

ముందు రోజు నాకొక్క మెసేజ్ పెట్టుంటే అదే కొత్త పద్ధతుల చట్టం 355 కింద, పాతది 317, ఆ రోజుకి మినహాయింపు పిటిషన్ వేసేవాణ్ణి. మొదటినుంచీ హాజరు మినహాయింపు కావాలంటే 228, పాతది 205, అది కూడా అడగొచ్చు, దూరంలో ఉద్యోగం అని ఐడీ కార్డు, జీతం కాగితం పెడితే చాలామంది మేజిస్ట్రేట్లు ఆలోచిస్తారు. వీడియోలో హాజరవడానికి కూడా 530 దారిచ్చింది, అయితే కోర్టు ఒప్పుకోవాలి. ఎన్ని మినహాయింపులొచ్చినా నేరాభియోగాలు (చార్జీలు) చదివే రోజు, సాక్ష్యాలయ్యాక ముద్దాయిని ప్రశ్నలడిగే రోజు, తీర్పు రోజు రావాల్సొస్తదని లెక్కేసుకోండి, సెలవులు వాటికి దాచుకోండి, కోడిపందాలకి కాదు.

జామీను సంగతి వచ్చింది కాబట్టి. ఇక్కడివాళ్ళే జామీనివ్వాలన్నది కూడా తప్పే. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రికి సోదరుడు వేరే జిల్లావాడని జామీను తీసుకోకపోతే, సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ అది చెల్లదన్నారు. అయినా ఊరివాళ్ళుంటే వెరిఫికేషన్ తొందరగా అవుద్ది, అది వేరే మాట.

ఆడవాళ్ళకొక ముక్క. ఉచిత లాయరు తెల్ల కార్డుంటేనే అనుకుంటారు, కాదు, 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళ అయితే చాలు, ఆదాయం చూడరు. 15100కి ఫోన్ చెయ్యండి.

విడాకులైపోతే కేసు పోద్దా? పోదు. పెద్దల్లో పెట్టి స్టాంపు కాగితం రాసుకుంటే? అదీ పోదు, కోర్టులో రాజీ రికార్డవ్వాలి, లేకపోతే హైకోర్టులో కొట్టేయించుకోవాలి. కాగితం చేతిలో పెట్టుకుని వాయిదాలు మానేసినవాళ్ళకీ వారంటే వెళ్తది.

గల్ఫ్ వాళ్ళు ఎక్కువగా అడిగేది పాస్‌పోర్టు. కేసుంటే ఇక వెళ్ళలేమనేది అబద్ధం, కోర్టు పర్మిషన్ కావాలన్నది నిజం. రెన్యువల్‌కి కూడా అంతే, కేంద్రం 1993 నోటిఫికేషన్ ప్రకారం కోర్టు ఆర్డరు పట్టుకెళ్తే ఇస్తారు, ఆర్డర్లో ఎన్నాళ్ళో రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. అందుకని పిటిషన్లోనే ఎన్నేళ్ళు కావాలో అడగమని మీ లాయర్‌కి చెప్పండి, మేం కూడా ఒక్కోసారి మర్చిపోతాం.