సీతాకోకచిలుకకు మనకంటే ఎన్ని రంగులు ఎక్కువ కనిపిస్తాయి? అసలు ప్రశ్నలోనే తేడా ఉంది

సీతాకోకచిలుకల కళ్ళ మీద పని చేస్తానని చెప్పగానే దాదాపు అందరూ అడిగేది ఒకటే, "అవి మనకంటే ఎన్ని రంగులు ఎక్కువ చూస్తాయి?" అని. ఈ ఒక్క ప్రశ్నలోనే నాలుగైదు అపోహలు దూరి కూర్చున్నాయి.

అపోహ: కణాల రకాలు ఎక్కువుంటే అన్ని రంగులు ఎక్కువ.

దీనికి అందరూ చూపించేది గ్రాఫియమ్ సార్పెడాన్‌ని, నల్లటి రెక్కల మీద నీలి పట్టీ ఉండేది. దాని కంట్లో కాంతిని పట్టే కణాలు 15 రకాలున్నాయని 2016లో జపాన్‌లో కెంటారో అరికవా బృందం తేల్చింది. రంగుల కోసం మనకున్నవి 3. ఇంకేముంది, "మనకు తెలియని రంగుల లోకం" అంటూ వార్తలు మొదలయ్యాయి. కానీ కణం ఉండటం వేరు, దాన్ని రంగులు పోల్చుకోవడానికి వాడటం వేరు. ఆ తేడా తెలియాలంటే సీతాకోకచిలుకనే అడగాలి: ఒకే రంగు కాగితం మీద చక్కెర నీళ్ళు పెట్టి కొన్నాళ్ళు అలవాటు చేసి, తర్వాత చుక్క నీళ్ళు కూడా లేకుండా ఆ కాగితాన్ని ముదురు, లేత బూడిద రంగు కాగితాల మధ్య పెడతాం. అయినా నేరుగా దాని మీదే వాలి నాలుక చాపిందంటే, అది చూసింది వెలుగులో తేడాని కాదు, రంగునే. ఇలాంటి పరీక్షల్లో పాపిలియో జుథస్ అనే జాతి కొన్నిచోట్ల కాంతి తరంగాల పొడవులో ఒక్క నానోమీటరు తేడాని కూడా పట్టేసింది. మరి దాని కంట్లో కనీసం 6 రకాల కణాలున్నా, రంగుల పనికి వాడుతున్నది 4 మాత్రమేనని తేలింది. మిగతావి కదలిక, వెలుగు లాంటి వేరే పనులకు కావచ్చు.

అపోహ: పురుగులకు ఎరుపు కనపడదు.

తేనెటీగల సంగతి తెచ్చి అన్నిటికీ అంటగట్టేశారు. చాలా సీతాకోకచిలుకలకు ఎరుపు బాగానే కనిపిస్తుంది, నాకైతే అందులో అసలు మజా అది వచ్చిన దారి. ఒక దారి, ఉన్న జన్యువుకి నకలు తయారై ఆ నకలు మెల్లగా మారిపోవడం. కాంతిని పట్టే ప్రొటీన్‌ని ఆప్సిన్ అంటారు, పాపిలియోలో పొడవు తరంగాల ఆప్సిన్ జన్యువులు అలా మూడయ్యాయి, వాటిలో ఒకటి ఎరుపు వైపు జరిగింది. రెండో దారి ఇంకా చవక. క్యాబేజీ ఆకుల మీద పెరిగే తెల్ల సీతాకోకచిలుక ఆప్సిన్‌ని అసలు ముట్టుకోలేదు, ఆ కణాల పక్కన ఎర్రటి రంగు పదార్థం పేర్చుకుంది. పచ్చని వెలుగు అక్కడే ఆగిపోయి, అదే ఆప్సిన్ 620, 640 నానోమీటర్ల దగ్గర, అంటే ఎరుపు వైపు, ఎక్కువగా స్పందిస్తుంది. ఒకరకంగా ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకోవడమే.

ఈ కళ్ళద్దాలు మైక్రోస్కోపులో కనిపిస్తాయి కూడా. కాసేపు చీకట్లో ఉంచి కంట్లోకి తిన్నగా లైటు వేస్తే, కంటి అడుగున ఉన్న అద్దం లాంటి పొర దాన్ని వెనక్కి కొట్టి, నిప్పుకణికల్లా ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు వెలుగుతాయి. కొన్ని సెకన్లే, ఆ తర్వాత కణాల్లో నల్లటి రేణువులు అడ్డం వచ్చి ఆరిపోతుంది, మళ్ళీ చీకట్లో పెట్టాలి. పాపిలియోలకు ఆ అద్దమే లేదు. ఆ సంగతి మర్చిపోయి, మొదటిసారి మైక్రోస్కోపు పాడైందనుకుని గంటసేపు దాంతో కుస్తీ పట్టాను.

ఇక వేల కళ్ళలో వేల బొమ్మలు కనిపిస్తాయనేది సినిమా ట్రిక్కు. ఒక్కో చిన్న కన్ను ఇచ్చేది దృశ్యంలో ఒక చుక్క, అన్నీ కలిస్తే ఒకే బొమ్మ, అదీ మనకంటే చాలా మసకగా.

అపోహ: ఈ చూపంతా పూల కోసం పుట్టింది.

అతినీలలోహితం, నీలం, ఆకుపచ్చ అనే మూడు రకాల ఆప్సిన్లు పురుగులకు పూలకంటే ముందునుంచే ఉన్నాయి. ఆ కళ్ళకు తగ్గట్టు తర్వాత పూలే ముస్తాబయ్యాయి. సీతాకోకచిలుకల్లో కొత్తగా జరిగింది ఈ నకళ్ళ వ్యవహారమే, అదీ ఒక్కో వంశంలో ఒక్కోలా: తెల్లవాటిలో, చిన్న నీలి సీతాకోకచిలుకల్లో నకలైంది నీలం జన్యువు, హెలికోనియస్ అనే సీతాకోకచిలుకల వంశంలో అతినీలలోహితం జన్యువు. హెలికోనియస్ రెక్కల మీది పసుపు రంగు అతినీలలోహితాన్ని వెనక్కి కొడుతుంది, దగ్గరి బంధువుల పసుపు కొట్టదు. కాబట్టి తన జాతిని గుర్తుపట్టడానికే ఆ నకలు నిలిచిందని ఒక వాదన, నాకూ అదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

ఆడా మగా ఒకేలా చూస్తాయనుకోవడం కూడా పొరపాటే. హెలికోనియస్ ఎరాటోలో రెండు అతినీలలోహిత ఛాయల మధ్య తేడా ఆడవాటికే తెలుస్తుంది, మగవాటికి తెలియదు. దాని చుట్టం హెలికోనియస్ కరిథోనియాలో అయితే ఆ నకలు జన్యువు ఏకంగా ఆడవాటికి మాత్రమే ఉండే డబ్ల్యు క్రోమోజోమ్ మీదే కూర్చుందని 2023లో బయటపడింది.