తెగిన తోక మళ్ళీ వస్తే అది పాత తోకేనా?

చెన్నైలో అద్దెకు దిగినవాళ్ళకి బల్లుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ట్యూబులైటు పక్కన ఒకటి, గ్యాస్ సిలిండర్ వెనక ఇంకొకటి. ఎప్పుడైనా మీద పడితే టెన్షన్, ఆనక కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని ముట్టుకుని రావడం. దోషం సంగతి పెద్దవాళ్ళకి వదిలేద్దాం, ఇక్కడ తోక గురించే మాట.

తలుపు సందులో ఇరుక్కున్న బల్లి తోక వదిలేసి పారిపోతుంది. తోక ఎముకల్లోనే, అంటే వెన్నుపూసల్లోనే, విరగడానికి వీలుగా బలహీనమైన చోట్లు ఉంటాయి. కొన్ని వారాలకి కొత్త తోక వస్తుంది. దగ్గరగా చూస్తే అతుకు తెలిసిపోతుంది: అక్కణ్ణుంచి రంగు వేరు, పొలుసుల వరస వేరు. లోపల పూసలు ఉండవు, పొడవాటి మృదులాస్థి గొట్టం ఉంటుంది, అంతే. పూసలే లేనప్పుడు విరిగే చోట్లెక్కడివి? అందుకని మళ్ళీ ఆపదొస్తే ఇంకా పైన, పాత తోక మిగిలినచోట తెంపుకోవాల్సిందే.

బల్లిలా కనిపించే, కప్పల్లాంటి ఉభయచర జీవి సాలమాండర్ మాత్రం ఇలా సర్దుకోదు. ఇవి మన దక్షిణాదిలో లేవు, డార్జిలింగ్ కొండల్లో ఉన్నాయి. ల్యాబుల్లో ఎక్కువగా పెంచేది మెక్సికోకి చెందిన ఆక్సొలోటల్‌ని. వీటి తోకలు, కాళ్ళు తిరిగి మొలుస్తాయని ఇటలీ శాస్త్రవేత్త స్పలంజాని 1768లోనే రాశాడు. తోక తెగగానే చర్మకణాలు పాకివచ్చి గాయాన్ని కప్పేస్తాయి. దాని కింద బ్లాస్టెమా అనే కణాల ముద్ద పెరుగుతుంది. అందులో ఏ కణమైనా ఏదైనా కాగలదని చాలాకాలం నమ్మారు. 2009లో ఆక్సొలోటల్ కాళ్ళలో కణాలకి మెరిసే ప్రోటీన్ గుర్తు పెట్టి చూస్తే, కండరం నుంచి వచ్చినవి కండరంగానే మారాయి. పాత వృత్తి మర్చిపోలేదన్నమాట! తోకలోనైతే వెన్నుపాము నడిమి కాలవ చుట్టూ ఉండే కణాలు గొట్టంలా వెనక్కి సాగి, కొత్త నాడీకణాల్ని తయారుచేస్తాయి. చుట్టూ కండరాలు, పూసలు కూడా వస్తాయి. మచ్చ మాత్రం పడదు.

మనిషికి వెన్నుపాము తెగితే అక్కడ మచ్చ కడుతుంది, నాడీ పోగులు దాన్ని దాటలేవు. ఆక్సొలోటల్‌కి మచ్చ ఎందుకు పడదు? 2013లో ఒక బృందం, గాయం దగ్గర చెత్త ఊడ్చే మాక్రోఫేజ్ కణాల్ని ముందే తీసేసి ఆక్సొలోటల్ కాలు కోసింది. కాలు మొలవలేదు, మొండి మీద మచ్చ పడింది. ఆ కణాలు మళ్ళీ పుట్టుకొచ్చాక అదే మొండిని ఇంకోసారి కోశారు. ఈసారి కాలు పూర్తిగా మొలిచింది.