తాను చిరిగి సిలిండర్‌ని కాపాడే రాగి బిళ్ళ

నా బల్ల మీద ఓ రాగి బిళ్ళ ఉంది. చిటికెనవేలి గోరంత. కొత్తలో చదునుగా ఉండేది. ఇప్పుడు నూనెలో పొంగిన పూరీలా ఒక పక్కకి ఉబ్బి, నడినెత్తిన చిరిగింది. చిరిగిన అంచులు పూరేకుల్లా బయటికి వంగాయి. అక్వేరియంలో నీటిమొక్కలకి కార్బన్ డయాక్సైడ్ అందించే చిన్న సిలిండర్‌లోది ఇది. వాల్వుకి పక్కగా చిల్లులున్న నట్టు ఒకటి కనిపిస్తుంది. దాని వెనక ఉంటుంది. పేరు బర్స్ట్ డిస్క్. రంగు గుళ్లు పేల్చుకునే పెయింట్‌బాల్ ఆట ఆడేవాళ్ల సిలిండర్లకీ, అమెరికాలో నీటి అడుగున ఊపిరికి వాడే స్కూబా సిలిండర్ల వాల్వులకీ కాపలా ఇదే.

నా బిళ్ళ మే నెలలో, ఎండలో ఆపిన కారులో పేలింది. నింపినవాళ్లు కొలతకి మించి నింపారు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో అడుగున ద్రవం, పైన వాయువు ఉంటాయి. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి 57 బార్ల చుట్టుపక్కల ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). సిలిండర్ సగం ఉన్నా, పావే ఉన్నా అంతే. అయితే వేడెక్కేకొద్దీ ఆ ద్రవం బాగా వ్యాకోచిస్తుంది. 31 డిగ్రీలు దాటాక ద్రవం, వాయువు అన్న తేడాయే పోతుంది. పైన ఖాళీ మిగల్చకుండా నింపితే పెరిగే ద్రవానికి చోటుండదు. అక్కణ్ణుంచి ఒక్కో డిగ్రీకీ ఒత్తిడి ఎగబాకుతూ పోతుంది.

ఈ బిళ్ళ మోసే భారం ఎంతో లెక్క వేసి చూశాను. 8 మిల్లీమీటర్ల రంధ్రం, అంటే బఠాణీ గింజంత. దాని మీద 3000 పీఎస్ఐ (ఒత్తిడికి ఇంకో కొలత, ఇది సుమారు 207 బార్లు) పడితే బలం సుమారు వంద కిలోల బరువుతో సమానం. రెండు సిమెంటు బస్తాలు బఠాణీ గింజంత జాగాలో నిలబడ్డట్టు!

అంత పల్చటి రేకు అంత బరువుని ఎలా ఆపుతుంది? దండెం మీద తడి చీర ఆరేసినప్పుడు చూడండి. తాడు బిగుతుగా, అడ్డంగా ఉంటే మేకులు ఊడొచ్చేంత లాగుతుంది. కాస్త వేలాడనిస్తే అదే చీరని హాయిగా మోస్తుంది. రేకు కూడా చదునుగా ఉన్నంతసేపూ ఒత్తిడికి ఎదురు నిలవలేదు. అందుకే ఉబ్బుతుంది. ఉబ్బి గుమ్మటంలా వంపు తిరిగేకొద్దీ దాని పట్టు పెరుగుతుంది. కానీ ఉబ్బడానికి లోహం సాగాలి, సాగితే పల్చబడాలి. అన్నిటికన్నా ఎక్కువ పల్చబడేది నడినెత్తిన. వంపు వల్ల వచ్చే లాభం, పల్చబడటం వల్ల వచ్చే నష్టం కొంతసేపు పోటీ పడతాయి. నష్టానిది పైచేయి అయిన క్షణాన చిరుగుతుంది. కొన్ని మిల్లీసెకన్లలో దారి పూర్తిగా తెరుచుకుంటుంది. పూర్తిగా తెరుచుకోవడానికి స్ప్రింగు వాల్వుకి ఇంకాస్త సమయం కావాలి, కాకపోతే అది మళ్లీ మూసుకుంటుంది. ఇది మూసుకోదు, సిలిండర్ ఖాళీ అయ్యేదాకా వదిలేస్తుంది. ఇంట్లో మూసిన గదిలో ఇలా జరిగితే కిటికీలు తెరిచి వెంటనే బయటికి రావాలి, ఆ వాయువు ఊపిరాడనివ్వదు.

నట్టుకి ఒకటే చిల్లు ఉంటే వాయువు ఒక పక్కకే దూసుకొచ్చి, సిలిండర్‌ని తారాజువ్వలా తోసేస్తుంది. ఎదురెదురుగా చిల్లులు పెడితే ఆ తోపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. చిన్న మార్పే, కానీ నాకు ఎంతో ఇష్టమైన మార్పు.

వంటింట్లో ప్రెషర్ కుక్కర్ మూతకి ఉండే సేఫ్టీ వాల్వు దీనికి దగ్గరి చుట్టం. ఒక తేడా ఉంది. చాలా కుక్కర్లలో దానిలోని మిశ్రమలోహం వేడికి కరిగి దారి ఇస్తుంది. బర్స్ట్ డిస్క్ తెగేది ఒత్తిడికి. అలాగని వేడితో సంబంధం లేదని కాదు, వేడెక్కిన రాగి మెత్తబడుతుంది కాబట్టి తక్కువ ఒత్తిడికే లొంగుతుంది. నింపిన ప్రతిసారీ కాస్త సాగి అలిసిపోతుంది కూడా. అందుకే ఈ రకం బిళ్ళల్ని మామూలుగా పేలే ఒత్తిడిలో 70 శాతం లోపే వాడతారు.

దీని పద్ధతిలో ఒక విచిత్రం ఉంది. మీ సిలిండర్‌లో ఉన్న బిళ్ళ సరిగ్గా ఎంతకి పేలుతుందో ఎవరూ పరీక్షించలేరు, పరీక్షిస్తే అది మిగలదు. ఒకే రేకు నుంచి కోసిన బిళ్ళల్లో కొన్నింటిని ఫ్యాక్టరీలో పేల్చి చూస్తారు. మిగతా వాటి మీద వేసే అంకె ఆ పేలిపోయిన తోబుట్టువులు చెప్పిన సాక్ష్యమే. కాబట్టి రేకు మందం, రంధ్రం వెడల్పు, లోహం ఏవీ మారకూడదు. మందం రెట్టింపైతే పేలే ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుంది, రంధ్రం వెడల్పు రెట్టింపైతే సగానికి పడిపోతుంది.

ఈ లెక్క తెలియక కొందరు, తెలిసీ మరికొందరు, మాటిమాటికీ పేలుతోందని ఒకటికి రెండు బిళ్ళలు పేర్చి బిగిస్తారు. ఇది చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది. పెయింట్‌బాల్‌కి వాడే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ సంగతే తీసుకోండి. రోజువారీ ఒత్తిడి 1800 పీఎస్ఐ, పరీక్షించిన ఒత్తిడి 3000. బిళ్ళ కూడా ఆ 3000 దగ్గరే తెగాలి. రెండు పేరిస్తే అది దాదాపు 6000కి చేరుతుంది. మీ సిలిండర్ గోడని పరీక్షించింది 3000 దగ్గరే, అంత ఒత్తిడి దగ్గర కాదు. పాత బిళ్ళ తీసి అదే అంకె ఉన్న కొత్తది ఒక్కటే వేయించుకోవాలి. అదీ సిలిండర్ పూర్తిగా ఖాళీ చేశాక, తెలిసినవాళ్ల చేత.