సెన్సార్ నోడ్స్‌లో కీలు: అపోహలు - వాస్తవాలు

నిన్న కూడా ఒకాయన ఫోన్ చేసి అదే మాట, "మాది ఏఈఎస్-128 అండి, ఇంక భయమేముంది" అని. ఏఈఎస్-128 అంటే 16 బైట్ల రహస్య కీతో డేటాకి తాళం వేసే పద్ధతి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) సెన్సార్లు, వాటి రీడింగుని లోరావాన్ అనే దూరం వెళ్ళే రేడియో మీద పంపే నోడ్స్ పెట్టే పని నాది. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అందుకే ఇవాళ కూర్చుని రాసేస్తున్నా.

అపోహ: ఏఈఎస్ ఉంది కాబట్టి నెట్‌వర్క్ సేఫ్.

వాస్తవం: ఏఈఎస్‌ని ఎవరూ పగలగొట్టరు, ఆ అవసరమే రాదు, ఎందుకంటే కీ చెరువు గట్టు మీద కర్రకి కట్టిన డబ్బాలో ఉంది. ఆ డబ్బా ఎవరైనా పట్టుకుపోవచ్చు. అసలు అడగాల్సింది ఒక్కటే, అన్ని నోడ్స్‌కీ ఒకే యాప్‌కీ (నోడ్ నెట్‌వర్క్‌లో చేరడానికి వాడే అసలు కీ) పెట్టారా, దేని కీ దానికి వేరుగా పెట్టారా?

రెండేళ్ళ కిందట ఒక సైట్‌లో వేరేవాళ్ళు పెట్టిన నోడ్స్ 140 ఉన్నాయి, ఒక రాత్రి ఒకటి మాయమైంది. రైతు "పోతే పోయింది బాబూ, ఇంకోటి కట్టు" అన్నారు. నాకు అనుమానం వచ్చి అదే లాట్‌లో ఇంకో నోడ్ ఆయన ఎదురుగానే విప్పా. నాలుగు స్క్రూలు, లోపల రబ్బరు వాషరు, బోర్డు అంచున పిన్నులు పెట్టని డీబగ్ ప్యాడ్స్. ఎస్టీ-లింక్ (చిప్‌కి తగిలించి లోపలిది చదివే పరికరం) వైర్లు ఆనించి ఫ్లాష్ (చిప్ మెమరీ) మొత్తం ల్యాప్‌టాప్‌లోకి లాగాను, రీడౌట్ ప్రొటెక్షన్ (బయటివాళ్ళు మెమరీ చదవకుండా ఆపే సెట్టింగ్) అసలు ఆన్ చెయ్యలేదు, పది నిమిషాలు కూడా పట్టలేదు, కీ 16 బైట్లు స్క్రీన్ మీద కనబడుతున్నాయి. రెండో నోడ్ విప్పా, అవే 16 బైట్లు. మూడోదీ అంతే. శాంపిల్ కోడ్‌లో ఉన్న కీని అలాగే వదిలేశారు.

ఆయనకి అప్పుడు ఒళ్ళు చల్లబడింది. ఎందుకంటే జాయిన్ రిక్వెస్ట్‌లో (నెట్‌వర్క్‌లో చేర్చుకోమని నోడ్ పంపే మొదటి ప్యాకెట్) డెవ్‌ఈయూఐ, అంటే ఆ నోడ్ గుర్తింపు నంబరు, ఎన్‌క్రిప్ట్ అవ్వకుండానే గాల్లో వెళ్తుంది, పైగా డబ్బా మీద స్టిక్కర్ కూడా ఉంటుంది. యాప్‌కీ దొరికినవాడు ఏ నోడ్ జాయిన్ అయ్యేటప్పుడు విన్నా దాని సెషన్ కీలు (చేరిన తర్వాత రీడింగులకి వాడే కీలు) లెక్కకట్టుకోవచ్చు, ఆ నోడ్ పేరుతో తనే జాయిన్ అయ్యి తప్పు రీడింగ్ పంపొచ్చు. తెల్లవారుజామున డీవో 3 పీపీఎం కిందకి పడితే ఏరేటర్లు తిరగాలి, సర్వర్‌కి 6 అని వెళ్తే తిరగవు. పొద్దున్నకి రొయ్య తేలుద్ది. ఆ సైట్‌లో అలా జరగలేదు, కానీ పోయిన నోడ్ ఎవరి చేతిలో ఉందో తెలీకుండా ఆ పంటంతా ఆయనకి నిద్ర లేదు.

ఒక్కో నోడ్‌కి ఒక్కో కీ ఉంటే ఇదేదీ లేదు, పోయిన దాన్ని సర్వర్‌లో డిలీట్ చేస్తే సరి. కీలు ఎక్కడ దాచుకోవాలి అంటారు, మాస్టర్ కీ మీ దగ్గరే పెట్టుకుని దాంతో డెవ్‌ఈయూఐని ఎన్‌క్రిప్ట్ చేసి వచ్చిన 16 బైట్లు ఆ నోడ్‌కి ఇవ్వండి, మాస్టర్ మాత్రం ఏ నోడ్‌లోకీ వెళ్ళకూడదు. రీడౌట్ ప్రొటెక్షన్ కూడా పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోకండి, గ్లిచింగ్ (చిప్ కరెంటుని ఒక్క క్షణం తప్పించి దాన్ని తికమక పెట్టడం) చేసి లాగేవాళ్ళు ఉన్నారు.

అపోహ: ఫ్రేమ్ కౌంటర్ (ప్యాకెట్ వరుస నంబరు) చెక్ ఆఫ్ చేస్తే ఏబీపీ (జాయిన్ లేకుండా సెషన్ కీలు ముందే నోడ్‌లో రాసిపెట్టే పద్ధతి) ప్రాబ్లం పోద్ది.

వాస్తవం: దయచేసి చెయ్యకండి. కరెంట్ పోయి నోడ్ మళ్ళీ సున్నా నుంచి లెక్క మొదలుపెడితే అదే కీ, అదే కౌంటర్, అంటే అదే కీస్ట్రీమ్ (రీడింగుని దాచడానికి దానితో కలిపే బిట్ల వరుస). రెండు ప్యాకెట్లు ఎక్సార్ చేస్తే (బిట్టుకి బిట్టు పోల్చి తేడా తీస్తే) కీ కొట్టుకుపోయి రెండు రీడింగుల ఎక్సార్ మిగులుద్ది. పైగా ఎవడైనా పాత ప్యాకెట్ రికార్డ్ చేసుకుని మళ్ళీ వదిలితే సర్వర్ తీసేసుకుంటుంది. ఓటీఏఏకి (జాయిన్ అయినప్పుడల్లా కొత్త సెషన్ కీలు వచ్చే పద్ధతి) మారండి, కుదరకపోతే కౌంటర్‌ని ఫ్లాష్‌లో సేవ్ చెయ్యండి.

అపోహ: ఎన్‌క్రిప్షన్ వల్ల బ్యాటరీ అయిపోతుంది.

వాస్తవం: బ్యాటరీ తినేది రేడియో. ఎస్‌ఎఫ్12లో (లోరావాన్‌లో అన్నిటికన్నా నెమ్మది, ఎక్కువ దూరం వెళ్ళే సెట్టింగ్) చిన్న ప్యాకెట్ కూడా సెకను పైనే గాల్లో ఉంటుంది, దాని ముందు ఏఈఎస్ ఖర్చు లెక్కలోకి రాదు.

అపోహ: గేట్‌వే (నోడ్స్ రేడియో విని సర్వర్‌కి పంపే పెట్టె) పోతే కీలన్నీ పోయినట్టే.

వాస్తవం: లోరావాన్‌లో గేట్‌వే ప్యాకెట్ అటు నుంచి ఇటు మోస్తుందంతే, నోడ్స్ కీలు సర్వర్‌లో ఉంటాయి. సర్వర్ కూడా అదే పెట్టెలో నడుపుతుంటే మాత్రం పోయినట్టే, అలా పెట్టకండి.

అపోహ: పక్క చెరువాయన ఫోన్‌లో మన రీడింగులు చూసేస్తాడు.

వాస్తవం: ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి మరీ అడిగారు, "మా లెక్క ఆళ్ళకి తెలిసిపోద్దా బాబూ" అని. లేదండి, మామూలు ఫోన్‌లో లోరా రేడియో ఉండదు. మన 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వినే రిసీవర్ కొనుక్కున్నా కీ లేకపోతే రీడింగ్ రాదు. యాప్ పాస్‌వర్డ్ మీరే చెప్పేస్తే తప్ప. క్వాంటమ్ కంప్యూటర్ వచ్చి ఏఈఎస్‌ని విప్పేసిందని వాట్సాప్‌లో తిరిగేది కూడా నమ్మకండి, అలాంటిదేమీ జరగలేదు.

ఇప్పటికే ఒకే కీతో నడుస్తున్నవాళ్ళు కంగారుపడి ఇవాళే విప్పకండి, పంట మధ్యలో డీవో కనబడకపోవడం ఇంకా ప్రమాదం. పట్టుబడి అయ్యి చెరువు ఎండగట్టినప్పుడు నోడ్స్ అన్నీ షెడ్‌లోకి తెచ్చి ఒక్కోదానికీ కొత్త కీ రాయండి. ఆ సైట్‌లో మిగిలిన నోడ్స్ అన్నీ రైతూ నేనూ అలాగే చేశాం, నాలుగు రోజులు పట్టింది, చేసిన ప్రతి డబ్బా మీదా రైతే మార్కర్‌తో టిక్ పెట్టుకుంటూ వచ్చారు.