తొలి నవల ఎక్కడ ఆగిపోతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

తొలి నవల మొదలుపెట్టినవాళ్లకు ముప్పై నలభై పేజీల దాకా కలం బాగానే నడుస్తుంది. పాత్రల పరిచయాలు అయిపోతాయి. ఆ తర్వాత ఏం రాయాలో తోచదు. మనకు ప్రతిభ లేదేమో అనుకుని చాలామంది అక్కడితో ఫైలు మూసేస్తారు. అలా ఆగిపోవడానికి కారణాలు చాలావరకు పనితీరులో ఉంటాయి, వాటిని సరిచేసుకోవచ్చు.

అపోహ: భాష మీద పట్టుంటే నవల దానంతటదే వస్తుంది

వాస్తవం: నవలను మోసేది సన్నివేశం. భాష బాగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు. జరిగినదంతా తామే అందంగా చెప్పేయగలరు కాబట్టి, పాత్రలకు మాట్లాడే పని మిగల్చరు. ఈ ముక్క చూడండి:

"ఇల్లు అమ్మడం సుజాతకు ఏమాత్రం ఇష్టం లేదు. అన్నయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. కానీ ఏమీ చేయలేక లోలోపల కుమిలిపోయింది."

అదే సంగతి సన్నివేశంగా:

అన్నయ్య కాగితాలు ముందు పెట్టాడు. "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా."
సుజాత పెన్ను క్యాపు తీసింది. మళ్లీ పెట్టేసింది.
"నాన్న గదిలో బీరువా ఎవరు తీసుకెళ్తున్నారు?"
"బీరువా సంగతి తర్వాత చూద్దాం."
"ముందు అది చెప్పు, అన్నయ్యా."

రెండో దాంట్లో కోపం అన్న మాటే లేదు. అయినా కోపం తెలుస్తోంది, దాని వెనకున్న దిగులూ తెలుస్తోంది. పైగా తర్వాతి పేజీకి పని పుట్టింది: ఆ బీరువాలో ఏముంది, సంతకం పడుతుందా పడదా? సన్నివేశం రాయడానికి కూర్చునేముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఇందులో ఎవరికి ఏం కావాలి? ఎవరు అడ్డం? చివరికి ఏం మారింది? మూడోదానికి జవాబు దొరకకపోతే ఆ సన్నివేశం ఇంకా పక్వానికి రాలేదు.

అన్నీ సన్నివేశాలుగానే రాయాలనీ లేదు. రెండేళ్లు గడిచాయని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు.

అపోహ: మొత్తం ప్రణాళిక లేనిదే మొదలుపెట్టకూడదు

అసలు ప్రణాళికే వద్దనేవాళ్లూ ఉన్నారు. రెండూ అతి ధోరణులే. కనీసం నాలుగు వాక్యాలు చేతిలో ఉండాలి: ముఖ్యపాత్రకు ఏం కావాలి, అది ఎందుకు దక్కడం లేదు, దక్కకపోతే ఏం పోతుంది, చివరికి సుమారుగా ఎక్కడ తేలుతుంది. ముప్పయ్యో పేజీ దగ్గర ఆగిపోయిన రాతప్రతుల్లో తరచూ కనిపించే లోపం మొదటి వాక్యంలోనే ఉంటుంది. ముఖ్యపాత్రకు కావలసింది ఏదీ లేదు, అన్నీ ఆ మనిషికి జరుగుతూ పోతుంటాయి. కథ ఆగిన చోట కొత్త పాత్రను తెచ్చి నిలబెట్టకండి. వెనక్కి వెళ్లి ఒక్కో సన్నివేశాన్నీ "ఇది తీసేస్తే తర్వాతిది నిలుస్తుందా?" అని పరీక్షించండి. వరసగా మూడు నాలుగు తీసేసినా కథకు లోటు రాకపోతే, సడలింది అక్కడే.

అపోహ: మొదటి అధ్యాయం నిగ్గు తేలాకే రెండోది

వాస్తవం: మొదటి అధ్యాయంలో ఏం ఉండాలో చివరి అధ్యాయం పూర్తయ్యాక గానీ తేలదు. ముందే పదిసార్లు చెక్కినదాన్ని తర్వాత కొట్టేయడానికి మనసు ఒప్పదు. దాన్ని కాపాడుకోవడానికి కథనే వంచుతారు, నష్టం అక్కడ మొదలవుతుంది. చిత్తుప్రతి రాస్తుండగా ఆలోచన మారితే వెనక్కి వెళ్లి దిద్దకండి. విడిగా ఒక పేజీలో "6వ అధ్యాయం నుంచి చెల్లెలు ఊళ్లోనే ఉంటుంది, 2, 4 అధ్యాయాల్లో మార్చాలి" అని రాసి, ఆమె మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు ముందుకు సాగండి.

అపోహ: ఉద్యోగం చేస్తూ నవల రాయలేం

లెక్క వేసి చూడండి. రోజుకు 300 మాటలు, వారానికి 5 రోజులు: వారానికి 1,500. 40,000 మాటల చిత్తుప్రతికి 27 వారాలు, అంటే ఆరు నెలల పైచిలుకు. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ 1867 దాకా తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున రాసేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు లక్ష్యంగా పెట్టుకున్నాడు. ఆ వేగం అందరికీ రాదు, రానక్కర్లేదు. ఆయన దగ్గర తీసుకోవలసింది వేళ తప్పని అలవాటు. పూట ముగించేటప్పుడు సన్నివేశం మధ్యలో ఆపి, తర్వాతి వాక్యం ఏమిటో ఒక ముక్క రాసి పెట్టుకోండి. మర్నాడు ఖాళీ తెర ముందు కూర్చునే బాధ తప్పుతుంది.

అపోహ: నవలంటే 80,000 మాటలు ఉండాలి

ఇది ఆంగ్ల ప్రచురణరంగం నుంచి వచ్చిన లెక్క. తెలుగులో "రాలేకపోయాడు" ఒక్క మాట. ఇంగ్లీషులో అదే చెప్పడానికి నాలుగైదు మాటలు కావాలి. అందుకే ఒకే కథ తెలుగులో తక్కువ మాటల్లో ఒదుగుతుంది. ఆ అంకె అందుకోవడం కోసం సాగదీస్తే కథ పలచబడుతుంది.

అపోహ: చిన్న పొరపాట్లు ప్రూఫులు దిద్దేటప్పుడు చూసుకోవచ్చు

వాస్తవం: అచ్చుతప్పులు అప్పుడు దొరుకుతాయి. వయసులు, తేదీలు, పిలుపులు దొరకవు. మొదటిరోజే మూడు పట్టికలు మొదలుపెట్టండి. ఒకటి కాలపట్టిక: ఏ అధ్యాయం ఏ నెలలో జరుగుతోంది, అప్పటికి ఎవరికెన్నేళ్లు. రెండోది పేర్ల పట్టిక. రమ, రమణ, రమేశ్ ఒకే నవలలో ఉంటే పాఠకుడు తికమకపడతాడు, ముఖ్యపాత్రల పేర్లు వేర్వేరు అక్షరాలతో మొదలవనివ్వండి.

మూడోది పిలుపుల పట్టిక. తెలుగులో రాసేవాళ్లకు ఇది తప్పనిసరి అంటాను. ఎవరు ఎవరిని ఏ వరసతో పిలుస్తారు, "నువ్వు" అంటారా "మీరు" అంటారా అన్నది అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి రాయండి. 2వ అధ్యాయంలో మావయ్యను "మీరు" అన్న పిల్ల 9వ అధ్యాయంలో "నువ్వు" అంటే, మధ్యలో ఏదో జరిగిందని పాఠకుడు వెతుకుతాడు. కథనానికీ ఇదే నియమం. ఉత్తమ పురుషలో రాస్తూ ఒకచోట "నాన్న వచ్చాడు", ఇంకోచోట "నాన్న వచ్చారు" అంటే కథ చెప్పే గొంతే మారిపోతుంది. తెలిసి మార్చినప్పుడు మాత్రం ఇదే గొప్ప బలం. జీవితమంతా "మీరు" అన్న భార్య ఒక్కచోట "నువ్వు" అంటే, ఒక పేజీ వివరణ ఆదా అవుతుంది.

అపోహ: ఎడిటింగ్ అంటే అక్షరదోషాలు దిద్దడం

అది ఆఖరి పని. చిత్తుప్రతి పూర్తయ్యాక కనీసం నాలుగు వారాలు పక్కన పెట్టండి. తర్వాత ప్రింటు తీసి, కలం ముట్టకుండా రెండు మూడు రోజుల్లో మొత్తం చదవండి. రెండో విడతలో ఒక్కో సన్నివేశానికి ఒక్కో వాక్యం చొప్పున జాబితా రాసి, ఏది పోవాలో, ఏది ముందుకు జరగాలో తేల్చండి. మూడో విడతలో సంభాషణలు పైకి చదవాలి. ఇద్దరి మాటలూ పేర్లు తీసేస్తే ఎవరివో తెలియకపోతే, ఆ ఇద్దరికీ మీ గొంతే ఉందన్నమాట. వాక్యాలు దిద్దేది నాలుగో విడతలో. ఈ వరస తిరగబడితే, రెండు రోజులు చెక్కిన పేరా ఉన్న సన్నివేశమే ఎగిరిపోతుంది.

అపోహ: ఎవరికైనా చూపిస్తే కథ కొట్టేస్తారు

ఈ భయంతో చాలామంది రాతప్రతిని ఎవరికీ చూపించకుండానే అచ్చుకు పంపుతారు. రచయితల హక్కుల కోసం 1886లో దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందాన్ని అనుసరించే దేశాల్లో, రాసిన రచనకు రిజిస్ట్రేషన్ లేకుండానే కాపీరైట్ వర్తిస్తుంది. కాపీరైట్ కాపాడేది మీరు రాసిన తీరునే, దాని వెనకున్న ఆలోచనను కాదు. కానీ ఒకే ఆలోచన ఇద్దరికిచ్చినా రెండు నవలలు వస్తాయి. తేదీ కనిపించేలా ఈమెయిల్లో పంపండి, పాత ప్రతులు చెరిపేయకండి. అంతకుమించి దాచుకోనక్కర్లేదు.

నవలలు చదివే అలవాటున్న ముగ్గురు నలుగురు చాలు. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు. ఏ పేజీలో పక్కన పెట్టేశారు, ఎవరు ఎవరో ఎక్కడ తెలియలేదు, సగం చదివాక ముగింపు ఏమనుకున్నారు అని అడగండి. ఇద్దరు ఒకే పేజీ చెబితే అక్కడ తేడా ఉన్నట్టే. వాళ్లు సూచించిన మందు వెంటనే వాడకండి. 120వ పేజీలో విసుగొచ్చిందంటే, కారణం 90వ పేజీలో ఉండొచ్చు. ముడి అక్కడే తొందరపడి విప్పేశారేమో చూడండి.