అండాశయానికి కబురు వెళ్లేది మెదడు నుంచే

ఎండలు ముదిరాయంటే దేవరకొండ, అచ్చంపేట వైపు పశువుల దవాఖానల్లో తరచూ వినిపించే మాట: "సారూ, బర్రె ఎదకొస్తలేదు." చాలాసార్లు అది మూగ ఎద. బర్రె ఎదలోనే ఉంటుంది కానీ అరవదు, లక్షణాలేవీ పైకి చూపించదు. కొన్ని బర్రెల్లో మాత్రం అండాశయం నిజంగానే స్తబ్ధుగా ఉండిపోతుంది. అలాంటప్పుడు డాక్టర్లు వాడే మందుల్లో బుసెరెలిన్ సూది ఒకటి. మోతాదు 20 మైక్రోగ్రాములు. ఒక్క గ్రాము మందు 50,000 బర్రెలకు సరిపోతుందన్నమాట. అంత కొంచెం మందు ఎలా పనిచేస్తుంది? అది నేరుగా అండాశయాన్ని కదిలించదు. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది.

బుసెరెలిన్ అనేది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనుకు నకలు. పది అమైనో ఆమ్లాల ఈ హార్మోను నిర్మాణం 1971లో తేలింది. ఆ కృషికి షాలీ, గిల్లెమిన్ 1977లో నోబెల్ అందుకున్నారు. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటే, దీన్ని తయారుచేసేవి ఒకటి రెండు వేలు మాత్రమే. అవి విడుదల చేసే జీఎన్‌ఆర్‌హెచ్ పిట్యూటరీకి చేరితేనే అక్కడి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి, అండం పండుతుంది.

మరి ఈ కొద్ది కణాలను ఎవరు లేపుతారు? అందులో పెద్ద పాత్ర గ్లూటమేట్‌ది. మెదడులో కణాలను ఉత్తేజపరిచే ప్రధాన రసాయనం ఇదే. దాన్ని అందుకునే గ్రాహకాల్లో ఎన్‌ఎండీఏ రకం నన్ను బాగా ఆకట్టుకుంటుంది. బ్యాంకు లాకర్ తెరవాలంటే మన తాళంచెవి, మేనేజరు తాళంచెవి రెండూ పడాలి కదా, దీనిదీ అదే తీరు. గ్లూటమేట్ వచ్చి అతుక్కుంటేనే చాలదు. ఆ కణం అప్పటికే కొంత ఉత్తేజంలో ఉండాలి. అప్పుడే దారికి అడ్డుపడ్డ మెగ్నీషియం అయాను తప్పుకుని కాల్షియం లోపలికి వెళ్తుంది.

1987లో అర్బాన్‌స్కి, ఒహేడా అనే పరిశోధకులు ఇంకా ఈడు రాని ఆడ ఎలుకలకు, గ్లూటమేట్‌లాగే ఈ గ్రాహకాన్ని కదిలించే ఎన్‌ఎండీఏ అనే రసాయనాన్ని విడతలు విడతలుగా ఎక్కించారు. అవి వేళకు ముందే ఈడుకొచ్చాయి. అంటే జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు చిన్నతనంలోనే సిద్ధంగా ఉంటాయి, లేపే కబురు అందడమే తరువాయి. మన ఊళ్లలో పిల్ల పెద్దమనిషి అయిందని పసుపు పెట్టి కూర్చోబెట్టే నాటికి, ఆ కబుర్లు రాత్రి నిద్రలో మొదలై చాలా కాలమే అయి ఉంటుంది.

నాకు అన్నిటికన్నా విశేషంగా తోచేది మరొకటి. అండాశయాలు తీసేసిన కోతులకు ఎన్‌ఎండీఏ ఇస్తే ఎల్‌హెచ్ తగ్గింది. ఈస్ట్రోజెన్ అనే అండాశయ హార్మోను ఇచ్చాక అదే ఎన్‌ఎండీఏ ఎల్‌హెచ్‌ను పెంచింది. రసాయనం ఒకటే, ఫలితం మాత్రం తలకిందులు. మెదడు అండాశయాన్ని నడిపిస్తుందంటే సగమే చెప్పినట్టు. గ్లూటమేట్ మాటను మెదడు ఎలా అందుకోవాలో తేల్చేది అండాశయం పంపే ఈస్ట్రోజెనే. పైగా జీఎన్‌ఆర్‌హెచ్ కణాల్లో ఈస్ట్రోజెన్‌ను అందుకునే ముఖ్య గ్రాహకం దాదాపు ఉండదు. ఆ సమాచారాన్ని మోసుకొచ్చేవి, కిస్‌పెప్టిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల వంటి పొరుగు కణాలు. వాటిలో చాలావాటిలో గ్లూటమేట్ కూడా ఉంటుంది.

గ్లూటమేట్ అనగానే ఫాస్ట్‌ఫుడ్ బండి మీది టేస్టింగ్ సాల్ట్ గుర్తొచ్చి భయపడనక్కర్లేదు. 1969లో ఓల్నీ అనే పరిశోధకుడు అప్పుడే పుట్టిన ఎలుకలకు దాన్ని సూదితో ఎక్కిస్తే, మెదడులో జీఎన్‌ఆర్‌హెచ్ విడుదలయ్యే భాగమైన హైపోథాలమస్ దెబ్బతిన్న మాట నిజమే. కానీ మనం తినేదాంట్లో ఎక్కువ భాగం పేగుల్లోనే ఖర్చయిపోతుంది.

తిండి చాలక, ఒంటికి మించిన చాకిరీతో బక్కచిక్కిన ఆడమనిషిలో జీఎన్‌ఆర్‌హెచ్ విడుదల మందగించి నెలసరి ఆగిపోవచ్చు. గర్భసంచి, అండాశయం రెండూ బాగానే ఉంటాయి. అయినా పాలమూరులో వలస పనులకు పోయొచ్చిన కోడలికి నెలసరి ఆగితే, కడుపు నిలవకపోతే, ముందు ఆమె గర్భసంచినే తప్పుపడతారు. ఇది నాకు మింగుడుపడదు. అడగాల్సింది ఆమె ఏం తింటోంది, ఎంత పనిచేస్తోంది అని.

జీఎన్‌ఆర్‌హెచ్ మోసే ఈ కబురుకు లయ కూడా ముఖ్యమే. 1978లో నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం కోతులకు గంటకోసారి జీఎన్‌ఆర్‌హెచ్ ఇస్తే ఎల్‌హెచ్ చక్కగా వచ్చింది. ఆపకుండా ఎక్కిస్తే పడిపోయింది. ఎనిమిదేళ్లు నిండకుండానే ఈడు లక్షణాలు కనిపించిన ఆడపిల్లలకు వైద్యులు ఇదే సూత్రంతో చికిత్స చేస్తారు. లూప్రోలైడ్ అనే మరో నకలును, నెలల తరబడి ఒంట్లో నిలిచేలా సూదిగా ఇస్తారు. విరామం లేని ఆ సంకేతానికి పిట్యూటరీ స్పందించడం మానేస్తుంది. సూదులు ఆపాక ఈడు మళ్లీ తన దారిన సాగుతుంది.