ఫ్రోజెనా, ఫ్రెష్షా? బర్గర్ షాపు వంటగదిలోంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఫ్రైస్ ఫ్రోజెనా, ఫ్రెష్షా?" మా కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న వినపడని సాయంత్రం ఉండదు. ఫ్రోజెనే అనగానే సగం మంది ముఖాలు వాడిపోతాయి, కొందరు "అయితే బర్గర్ ఒక్కటే ఇవ్వు" అంటారు, ఇంకొందరు వాట్సాప్‌లో వచ్చిన వీడియో తీసి నాకే చూపిస్తారు. హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాలనీకి వెళ్లినా ఒక బర్గర్ షాపు ఉంటోంది, వాటిలో పెద్ద చెయిన్లు కాకుండా మాలాంటి సొంత షాపులు బోలెడు, నిజంగా బాగా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ మంచి షాపుని పట్టుకోవడానికి జనం చూసే గుర్తులే తలకిందులుగా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఫ్రోజెన్ భయం. దీని సంగతి ముందు తేల్చి, మిగతావి గబగబా చెప్పేస్తా.

అపోహ: ఫ్రోజెన్ ఫ్రైస్ అంటే నెలల తరబడి నిలవున్న కెమికల్ సరుకు. కళ్లముందు కోసి వేయించేవే మంచివి.

నెలల తరబడి నిలవున్న మాట నిజమే. మరి మీరు ఫ్రెష్ అనుకుంటున్న ఆలుగడ్డ ఎప్పటిది? ఉత్తరాదిలో పంట ఎక్కువగా జనవరి నుంచి మార్చి లోపు చేతికొస్తుంది. మన జహీరాబాద్ వైపు కూడా కొంత పండుతుంది కానీ, ఆ సీజన్ అయిపోయాక మన మార్కెట్లలో దిగేది ఎక్కువగా ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీల్లోని సరుకే. అంటే అక్టోబర్‌లో మీ కళ్లముందు కోసిన ఆలుగడ్డ ఆర్నెల్ల పైబడి చలిలో పడుకుని వచ్చింది. మొలకలు రాకుండా దాన్ని 2 నుంచి 4 డిగ్రీల్లో పెడతారు, ఆ చలికి దుంపలోని పిండి పదార్థం మెల్లగా చక్కెరగా మారుతుంది. కూరలో అయితే కాస్త తీపి తగులుతుంది, అంతే. నూనెలో వేస్తే మాత్రం లోపల ఉడకకముందే పైన ముదురు బ్రౌన్ అయిపోతుంది, చేదెక్కుతుంది. ఆ బ్రౌన్ ఎంత పెరిగితే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం అంత పెరుగుతుంది. కెమికల్ అంటే భయపడేవాళ్లు నిజానికి భయపడాల్సింది దానికి.

రకం కూడా ముఖ్యం. ఫ్రైస్‌కి నీరు తక్కువ, గట్టి పదార్థం ఎక్కువ ఉన్న దుంప కావాలి, కనీసం 20 శాతం ఉండాలి. మన మార్కెట్‌లో దొరికే పుఖ్‌రాజ్ లాంటివి కూరకి బ్రహ్మాండంగా ఉంటాయి, ఫ్రైస్‌కి పనికిరావు, వేయించిన రెండు నిమిషాలకే తల వాల్చేస్తాయి. ఈ పని కోసమే సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ కుఫ్రీ ఫ్రైసోనా అనే రకం తెచ్చింది, గుజరాత్‌లో రైతులు కంపెనీలతో ఒప్పందం మీద శాంటానా, ఇన్నోవేటర్ లాంటి విదేశీ రకాలు పండిస్తారు. ఇలాంటి దుంపల్ని మరీ చలిలో కాకుండా 10 డిగ్రీల దరిదాపుల్లో నిలవ చేస్తారు కాబట్టి చక్కెర పెరగదు. చిల్లరగా నాలుగు బస్తాలు కొనుక్కునే నాలాంటివాడికి అవి దొరకవు. ప్యాకెట్‌లో ఫ్రైస్ రూపంలో మాత్రం దొరుకుతాయి.

ఇక ఫ్యాక్టరీలో ఏం చేస్తారంటే, ఆవిరితో తొక్క తీస్తారు, నీటి ధారతో పాటు దుంపని బ్లేడ్ల మీదికి జోరుగా పంపి కోస్తారు, వేడి నీళ్లలో బ్లాంచ్ చేసి ఉన్న చక్కెర కూడా కొంత బయటికి తీస్తారు, ఆరబెట్టి, నూనెలో కాసేపు సగం వేయించి, గడ్డకట్టిస్తారు. గడ్డకట్టినప్పుడు లోపలి నీరు ఐసు ముక్కలై కణాల గోడల్ని చిల్లులు పొడుస్తుంది, అందుకే మళ్లీ వేయించినప్పుడు ఆ నీరు తేలిగ్గా ఆవిరైపోయి లోపల మెత్తగా, పొడిపొడిగా వస్తుంది. మామూలు ప్యాకెట్ వెనక తిప్పి చదవండి: ఆలుగడ్డ, నూనె, డెక్స్‌ట్రోజ్, ఇ450, అంతే ఉంటుంది. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే, రంగు అన్నిటికీ ఒకేలా రావడానికి పైన కాస్త పట్టిస్తారు. ఇ450 ఉడికిన ఆలుగడ్డ బూడిద రంగులోకి తిరక్కుండా ఆపుతుంది. కొన్నిటికి పైన బియ్యప్పిండో స్టార్చో పూత ఉంటుంది, కరకరలాడటం ఎక్కువసేపు నిలవడానికి. దీన్ని చూపించి "ప్లాస్టిక్ పూత" అని వీడియోలు చేసేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు. ప్లాస్టిక్‌ని 180 డిగ్రీల నూనెలో ఒకసారి వేసి చూడమనండి.

ఒకావిడ చిన్న బాబుని తీసుకొచ్చేది. వాడికి బయట తిండిలో ఇష్టమైంది ఫ్రైస్ ఒక్కటే, ఆవిడకి వాట్సాప్ వీడియో చూసినప్పటి నుంచి నిద్ర లేదు, అడగడానికి కూడా మొహమాటపడుతూ అడిగింది. ఫ్రిజ్‌లోంచి ప్యాకెట్ తెచ్చి చదివించాను. ఆ తర్వాత చెప్పాల్సింది కూడా చెప్పాను: అమ్మా, ఫ్రోజెన్ కాబట్టి భయం లేదు అంటున్నానే గానీ ఇది ఆరోగ్యం అనడం లేదు. నూనెలో వేగిన ఆలుగడ్డ ఏ రూపంలో వచ్చినా నూనెలో వేగిన ఆలుగడ్డే, ఉప్పు ఉప్పే. ఎప్పుడో ఒకసారి, చిన్న పోర్షన్, అంతవరకే. ఇలా భయపడి అడిగేవాళ్ల మీద నాకు కోపం రాదు. వాళ్లని భయపెట్టి వ్యూస్ సంపాదించేవాళ్ల మీదే వస్తుంది.

మరి ఫ్రెష్ కట్ బాగా చేసే షాపులే లేవా? ఉన్నాయి, తక్కువ. దుంపని కోసి, పిండి నీళ్లు పోయేదాకా కడిగి, కాస్త వెనిగర్ వేసిన నీళ్లలో సగం ఉడికించి, ఆరబెట్టి, 150 డిగ్రీల్లో ఒకసారి వేయించి, చల్లార్చి, ఆర్డర్ వచ్చాక 185లో రెండోసారి వేయిస్తారు. నేను సొంతంగా పెట్టకముందు పనిచేసిన ఒక చోట బోర్డు మీద ఫ్రెష్ కట్ అని పెద్దగా రాసి ఉండేది. పొద్దున కోసి బకెట్ నీళ్లలో వేసేవాళ్లం, మధ్యాహ్నానికి ఆ నీళ్లు పాలలా తెల్లబడేవి, మార్చే తీరిక ఎవరికీ ఉండేది కాదు. రాత్రి ఎనిమిదింటి రద్దీకి మొదటి వేపుడు ఎగరగొట్టి పచ్చివే నేరుగా నూనెలోకి. బయట నల్లగా, లోపల పచ్చిగా, నూనె కారుతూ. అయినా కస్టమర్లు "అబ్బ, ఫ్రెష్" అనుకుంటూ తినేవాళ్లు.

"ఈ నెల ఆలుగడ్డ బాలేదు, ఫ్రైస్ లేవు" అని చెప్పే ఫ్రెష్ కట్ షాపు కనిపిస్తే మాత్రం వదలకండి.

ఫ్రోజెన్‌లోనూ పాడుచేసేవాళ్లు ఉన్నారు, అసలు చూడాల్సింది ఇక్కడ. కరెంటు పోయి ప్యాకెట్ కరిగిపోయి మళ్లీ గడ్డకట్టించిన ఫ్రైస్ ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా వస్తాయి, వేయిస్తే పొట్టి పొట్టి ముక్కలుగా విరిగిపోతాయి. మీ ప్లేట్‌లో సగం తునకలే ఉన్నాయంటే విషయం అదే. ఇంకోటి, బాస్కెట్ నిండా కుక్కడం. బాస్కెట్ సగం వరకే వేయాలి, లేదంటే నూనె వేడి ఒక్కసారిగా పడిపోయి ఫ్రైస్ వేగకుండా నానతాయి. సరిగ్గా వేస్తే మొదట గలగలమని బుడగలు పైకి పొంగుతాయి, రెండు నిమిషాలు దాటాక ఆ చప్పుడు సన్నబడుతుంది, లోపలి నీరు పోయిందని అర్థం, వంటవాడు టైమర్ కంటే ముందు ఆ చప్పుడే వింటాడు. మూడో నిమిషానికి ఎత్తి, బాస్కెట్ గట్టిగా దులిపి, పైన నూనె తడి ఆరకముందే ఉప్పు. ఆరాక చల్లితే ఉప్పంతా ప్లేట్ అడుక్కి చేరుతుంది. మీరు తింటుంటే ఉప్పు కిందే మిగులుతోందంటే అవి ఎప్పుడో తీసి పెట్టినవి.

కొత్త షాపుకి వెళ్తే మొదటిసారి ఉత్త ఉప్పు ఫ్రైసే అడగండి. పెరిపెరి వద్దు. పెరిపెరి పొడి కింద ఎన్ని పాపాలు దాగుతాయో ఫ్రయ్యర్ ముందు నిలబడ్డవాడికే తెలుసు. చీజ్ సాస్ పోసిన లోడెడ్ ఫ్రైస్ అయితే ఇక చెప్పనక్కర్లేదు.

అపోహ: నూనె నల్లగా ఉంటే పాతది, తెల్లగా ఉంటే కొత్తది.

రంగు ఒక్కటే చూస్తే మోసపోతారు. మైదా పట్టించిన చికెన్ వేస్తే నూనె త్వరగా ముదురు రంగుకి తిరుగుతుంది, ఫ్రైస్ మాత్రమే వేసే నూనె చెడిపోయినా లేతగా కనిపించొచ్చు. నురుగు తగ్గకుండా నిలబడటం, మామూలు వేడికే పొగ రావడం, నూనె చిక్కబడి ఫ్రయ్యర్ అంచులకి జిగురులా పట్టడం, ఇవి చూడండి. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (మళ్లీ మళ్లీ కాగి నూనె చెడినకొద్దీ పేరుకునేవి) 25 శాతం దాటితే వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది, దాన్ని కొలిచే మీటర్లు కూడా ఉన్నాయి. "నూనె ఎప్పుడు మార్చారు?" అని అడిగితే మంచి షాపువాడు రోజు చెప్తాడు, తప్పించుకునేవాడు "డైలీ మారుస్తాం సార్" అంటాడు. రోజూ మార్చడం మా లెక్కల్లో కుదిరే పని కాదు, రోజూ వడకట్టడం కుదురుతుంది.

అపోహ: ఫ్రైస్ అంటే వెజ్జే కదా.

దుంప వెజ్జే. నూనె సంగతి ఎవరు అడిగారు? చిన్న షాపుల్లో చాలాచోట్ల ఒకటే ఫ్రయ్యర్, అందులోనే చికెన్, అందులోనే ఫ్రైస్, అందులోనే వెజ్ ప్యాటీ. పట్టింపు ఉన్నవాళ్లు "వెజ్‌కి వేరే ఫ్రయ్యర్ ఉందా?" అని సూటిగా అడగాలి. "వెజ్ ఉందా?" అని అడిగితే ఉందనే అంటారు, అబద్ధం కూడా కాదు. తవా విషయమూ అంతే.

అపోహ: మయో ఇక్కడే చేస్తారట, కాబట్టి సేఫ్.

ఇది నవ్వులాట కాదు. పచ్చి గుడ్డుతో చేసిన మయో మన ఎండల్లో కౌంటర్ మీద గంటల తరబడి ఉంటే సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియాకి పండగే. 2024 అక్టోబర్ 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోని ఏడాది పాటు నిషేధించింది, ఊరికే కాదు. గుడ్డు లేని మయో గానీ, పాశ్చురైజ్ చేసిన గుడ్డుతో చేసింది గానీ వాడాలి, అదీ ఫ్రిజ్‌లో ఉండాలి. బయట పెట్టిన స్క్వీజ్ బాటిల్ గోరువెచ్చగా తగిలితే సాస్ వద్దనండి. మొహమాటం వద్దు.

అపోహ: ఎంత ఎత్తుగా, మందంగా ఉంటే అంత మంచి బర్గర్.

నోట్లో పట్టని బర్గర్ ఫొటోకి పనికొస్తుంది. స్మాష్ బర్గర్‌లో 60, 70 గ్రాముల కీమా ముద్దని బాగా కాలిన తవా మీద వేసి పల్చగా నొక్కేస్తారు, అంచులు లేసులా కరకరలాడతాయి, రుచంతా ఆ మాడీమాడని గోధుమ రంగు పొరలోనే ఉంటుంది. దాన్ని చూసి "ఇంత సన్నగానా, ఇంత రేటా" అనేవాళ్లు రెండు ప్యాటీలది తీసుకోండి. ఇక్కడ బీఫ్ బర్గర్ అంటే దాదాపు ఎప్పుడూ గేదె మాంసమే, దాంట్లో కొవ్వు తక్కువ, విడిగా కొవ్వు కలిపి పట్టించకపోతే పొట్టులా పొడిబారుతుంది. కీమాలో ముందే ఉప్పు వేసి పిసికినా గట్టిగా రబ్బరులా అవుతుంది, ఉప్పు తవా మీద వేసే ముందే పైన చల్లాలి. అల్లం వెల్లుల్లి, గరం మసాలా, శనగపప్పు అన్నీ కలిపి బన్నులో పెట్టి బర్గర్ అనేవాళ్లూ ఉన్నారు. షామీ కావాలంటే షామీయే తినొచ్చు కదా, ఇంకా బాగుంటుంది.

లోపల గులాబీ రంగులో ఉంటే జ్యూసీ అని ఇంగ్లీష్ వీడియోలు చూసి అడిగే తమ్ముళ్లూ, స్టేక్ వేరు, కీమా వేరు. ముక్క మీద పైన మాత్రమే ఉండే బ్యాక్టీరియా కీమా పట్టేటప్పుడు లోపలికంతా కలిసిపోతుంది. కీమా ప్యాటీ లోపల 71 డిగ్రీలు, చికెన్ అయితే 74 చేరాల్సిందే. బన్ను లోపలి వైపు వెన్న రాసి కాల్చారో లేదో కూడా చూడండి. ఆ అర నిమిషం పని ఎగ్గొట్టేవాడు మిగతాది ఎలా చేస్తాడో ఊహించుకోవచ్చు.

అపోహ: యాప్‌లో రేటింగ్ తక్కువ, కాబట్టి షాపు బాలేదు.

ఆ ఒక్క స్టార్లలో చాలా భాగం మెత్తబడ్డ ఫ్రైస్‌కి పడ్డవే. వేడి ఫ్రైస్‌ని డబ్బాలో మూస్తే లోపలి ఆవిరి వాటి మీదే కురుస్తుంది, ట్రాఫిక్‌లో అరగంట, ఎవరు వేయించినా గతి అదే. షాపుని అంచనా వేయాలంటే ఒక్కసారి వెళ్లి అక్కడే కూర్చుని తినండి, అదీ సాయంత్రం రద్దీ టైమ్‌లో, అప్పుడు ఏదీ వేయించి పెట్టి ఉంచే వీలుండదు. పార్సిలే కావాలంటే డబ్బాలో కాకుండా మూతి తెరిచిన కాగితం కవర్లో ఇవ్వమనండి, అడిగితే మేం ఇస్తాం. ఇంటికొచ్చాక మైక్రోవేవ్ జోలికి పోకుండా, నూనె వేయకుండా వేడి పెనం మీద ఒకే వరసలో పరిచి మూడు నాలుగు నిమిషాలు అటూ ఇటూ తిప్పండి.